కాలిఫోర్నియా పబ్లిక్ హైస్కూల్లో సెక్షన్లు, సీట్లు, కోర్సులు ఎలా తేలుతాయి: నా అనుభవం

బే ఏరియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో మాస్టర్ షెడ్యూల్ (స్కూలు మొత్తానికి టైమ్‌టేబుల్) వేసే బృందంలో పనిచేస్తున్నాను. ఏటా ఆగస్టులో స్కూలు తెరవగానే కౌన్సెలింగ్ ఆఫీసుకు వచ్చేవాళ్లలో మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. "మా అమ్మాయికి ఏపీ కెమిస్ట్రీ రాలేదండీ, ఒక్క సీటే కదా, వేసెయ్యండి" అంటారు. (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు.) అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ సీటు ఉంటుందా ఉండదా అన్నది ఫిబ్రవరికి సగం, మే నెలకు మొత్తం తేలిపోయి ఉంటుంది. ఆగస్టులో మా చేతిలో ఉండేది ఉన్న సీట్లను అటూ ఇటూ సర్దడమే. లోపల ఈ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎప్పుడు, ఎవరిని, ఏమని అడగాలో తెలుస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 1,800 మంది పిల్లలున్న స్కూలు అనుకోండి. రోజుకు ఆరు పీరియడ్లు. ఒక్కొక్కరూ ఆరు కోర్సులు తీసుకుంటే 10,800 సీట్లు కావాలి. సెక్షన్‌కు సగటున 30 మంది చొప్పున 360 సెక్షన్లు (ఒక కోర్సుకు ఒక పీరియడులో నడిచే ఒక్కో క్లాసు ఒక సెక్షన్). ఫుల్‌టైమ్ టీచరు రోజుకు ఐదు సెక్షన్లు చెబుతారు, ఆరో పీరియడు ప్రిపరేషన్‌కు. అంటే 72 మంది టీచర్లు. డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) కాగితాల్లో దీన్నే 72.0 ఎఫ్‌టీఈ అంటారు. ఎఫ్‌టీఈ అంటే ఫుల్‌టైమ్ టీచరు లెక్క. ఒక సెక్షన్ అంటే 0.2 ఎఫ్‌టీఈ. మా గదిలో సంభాషణంతా ఈ 0.2ల మీదే నడుస్తుంది. "స్పానిష్‌కు ఇంకో 0.2 కావాలి, ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నది రోజూ వినే మాట.

ఇప్పుడు 1,800ని 72తో భాగించండి, 25 వస్తుంది. డిస్ట్రిక్ట్ వాళ్లు స్కూలు బోర్డు మీటింగులో 25:1 అని చెబుతారు. ఇంటికొచ్చిన పిల్లవాడేమో మా క్లాసులో 34 మంది ఉన్నామంటాడు. రెండూ నిజమే. టీచరుకు ఒక పీరియడు ఖాళీ ఉంటుంది, పిల్లవాడికి ఉండదు. అందువల్ల 25:1 అన్న నిష్పత్తి క్లాసులోకి వచ్చేసరికి 30 అవుతుంది. ఆ 30 కూడా సగటే. కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల క్లాసును 15 మందితో నడిపితే అక్కడ తగ్గిన 15 సీట్లను ఇంకెక్కడో నింపాలి. ఐదు క్లాసుల్లో ముగ్గురేసి చొప్పున ఎక్కిస్తే అవి 33 అవుతాయి. చిన్న క్లాసు పెట్టిన ప్రతిచోటా దాని ఖర్చును వేరే క్లాసులు మోస్తాయి. ఇది తెలియకుండా "ఏపీ క్లాసుల్లో 20 మందే ఉండాలి" అని అడిగేవాళ్లు, తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో 36 మందిని కూర్చోబెట్టమని అడుగుతున్నట్టే. నా మట్టుకు, తొమ్మిదో తరగతి ఇంగ్లీషు, ఆల్జీబ్రా 1 చిన్న క్లాసులుగా ఉండటమే ముఖ్యం. అక్కడ వెనకబడిన పిల్లలు తర్వాతి మూడేళ్లూ వెనకే ఉండిపోతారు.

క్లాసుకు ఇంతమందే ఉండాలని చట్టం లేదా అని అడుగుతారు. కాలిఫోర్నియాలో కింది తరగతులకు రాష్ట్ర పరిమితులున్నాయి గానీ 9 నుంచి 12 వరకు లేవు. ఫ్లోరిడాలో 2002లో రాజ్యాంగ సవరణ చేసి హైస్కూలు ముఖ్య సబ్జెక్టులకు 25 అని పెట్టుకున్నారు. న్యూయార్క్ నగరానికి కూడా 2022 నాటి రాష్ట్ర చట్టం హైస్కూలుకు 25 అనే చెప్పింది, దాన్ని విడతలుగా అమలుచేస్తున్నారు. కాలిఫోర్నియాలో 1989 చట్టం ఒకటి తొమ్మిదో తరగతి క్లాసులను 20కి తగ్గించడానికి విడిగా డబ్బిచ్చేది. 2013లో ఎల్‌సీఎఫ్‌ఎఫ్ నిధుల పద్ధతి వచ్చాక ఆ విడి పద్దు పోయింది. ఇప్పుడు పరిమితి అంటూ ఉంటే టీచర్ల యూనియన్‌కూ డిస్ట్రిక్ట్‌కూ మధ్య కుదిరిన ఒప్పందంలోనే ఉంటుంది. అది డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. "క్లాస్ సైజ్" అన్న భాగం తీసి చదవండి. సెక్షన్‌కు గరిష్ఠం ఎంత, టీచరుకు రోజు మొత్తంలో ఎంతమంది, పీఈకీ (వ్యాయామ విద్య) బ్యాండుకూ కోయిర్‌కూ విడిగా ఎంత, పరిమితి దాటితే ఎన్ని రోజుల్లో సర్దాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. కొన్ని ఒప్పందాల్లో అది గట్టి పరిమితి. మరికొన్నింట్లో అదనపు పిల్లలకు టీచరుకు కొంత డబ్బిస్తే సరిపోతుంది. ఆ తేడా తెలుసుకుని మాట్లాడితే ప్రిన్సిపల్‌తో సంభాషణే మారిపోతుంది.

అసలు పని నవంబరు, డిసెంబరుల్లో మొదలవుతుంది. మిడిల్ స్కూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలెంతమంది, మన దగ్గర 9, 10, 11లో ఉన్నవాళ్లలో ఏటా ఎంత శాతం నిలుస్తున్నారు అని చూసి వచ్చే ఏడాది సంఖ్యను అంచనా వేస్తారు. ఆ అంచనాకు తగ్గట్టు డిస్ట్రిక్ట్ స్కూలుకు ఎఫ్‌టీఈ కేటాయిస్తుంది. అంచనా ఎక్కువైతే సెప్టెంబరులో టీచర్ని వెనక్కి తీసుకుంటారు, తక్కువైతే సబ్‌స్టిట్యూట్‌తో మొదలుపెట్టాల్సి వస్తుంది. డబ్బు విషయంలో జాగ్రత్తపడే డిస్ట్రిక్టులు తక్కువ వైపే మొగ్గుతాయి. కోవిడ్ కాలంలో వచ్చిన ఫెడరల్ నిధులను కేటాయించుకునే గడువు 2024 సెప్టెంబరు 30తో అయిపోయింది. వాటితో అదనంగా నడిపిన సెక్షన్లు చాలా చోట్ల పోయాయి.

జనవరి, ఫిబ్రవరుల్లో పిల్లలు కోర్స్ రిక్వెస్టులు పెడతారు. మొత్తం ప్రక్రియలో తల్లిదండ్రుల మాటకు విలువ ఎక్కువగా ఉండేది ఇక్కడే. కానీ ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇక్కడే. రిక్వెస్టులు మూసేశాక ఒక పట్టిక తీస్తాం: ఏ కోర్సుకు ఎంతమంది అడిగారు అని. ఏపీ ఫిజిక్స్ సీ‌కి 44 మంది అడిగారనుకోండి. గరిష్ఠం 32. ఒకే సెక్షన్ పెడితే 12 మంది మిగిలిపోతారు. రెండు పెడితే 22 మందేసి వస్తారు, కానీ ఇంకో 0.2 కావాలి. అది ఎక్కణ్ణుంచో తీయాలి. 38 మందే అడిగి ఉంటే ఒక్క సెక్షనే ఉండేది. 52 మంది అడిగితే రెండో సెక్షన్ గురించి వాదనే ఉండదు. "తర్వాత మార్చుకోవచ్చులే" అని అప్పుడు ఏదో ఒకటి రాసిన పది మంది పిల్లలు ఆ లెక్కలో లేకపోతే, ఆగస్టులో వాళ్లందరూ వచ్చి అడిగినా సెక్షన్ పుట్టదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు మనవాళ్లలో ఎక్కువ. "ముందు ఐదు ఏపీలు పెట్టు, వేసవిలో ఆలోచించుకుని రెండు వదిలేద్దాం" అంటారు. ఇలా అరవై మంది చేస్తే లేని గిరాకీకి సెక్షన్లు తెరుస్తాం. దాని కోసం టీచర్ని కుదుర్చుకుంటాం. ఆగస్టులో వాళ్లు తప్పుకోగానే ఆ సెక్షన్ 14 మందితో మిగులుతుంది. రెండో, మూడో వారంలో దాన్ని ఎత్తేస్తారు. మిగిలిన 14 మంది షెడ్యూళ్లు చెదిరిపోతాయి. ఒక్క క్లాసు కదలడం వల్ల వాళ్లకు ఇంగ్లీషు టీచరూ మారతారు, లంచ్ తర్వాత పీరియడూ మారుతుంది. నిజంగా చదవాలనుకున్న పిల్లలకు ఇది అన్యాయం. రిక్వెస్టు పెట్టేది చదవబోయే కోర్సులకే పెట్టండి.

ఆ ఫారంలో కింద ఆల్టర్నేట్ల గడులుంటాయి. ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు, లేదా తోచింది రాస్తారు. మొదటి కోరిక కుదరనప్పుడు సాఫ్ట్‌వేర్ నేరుగా ఆ గడులే చూస్తుంది. ఖాళీగా ఉంటే ఆ పీరియడులో ఎక్కడ సీటుంటే అక్కడ వేస్తాం. ఆల్టర్నేట్లను మొదటి కోరికంత శ్రద్ధగా, ఇష్టమైన క్రమంలో నింపండి. అది కూడా ఎక్కువ సెక్షన్లుండే కోర్సు అయితే పని సులువవుతుంది.

మార్చిలో షెడ్యూల్ కట్టడం మొదలుపెడతాం. ఏరీస్, పవర్‌స్కూల్, ఇన్ఫినిట్ క్యాంపస్ లాంటి సాఫ్ట్‌వేర్లున్నా గోడ మీద పెద్ద బోర్డు తప్పదు. అడ్డ వరుసలు టీచర్లవి, నిలువు వరుసలు పీరియడ్లవి, ఒక్కో సెక్షన్‌కు ఒక్కో రంగు కార్డు. ముందుగా బోర్డెక్కేవి ఒకే ఒక్క సెక్షనున్న కోర్సులు. వాటిని సింగిల్టన్లంటారు. ఏపీ ఫిజిక్స్ సీ, జాజ్ బ్యాండ్, స్పానిష్ 4, ఏపీ స్టాటిస్టిక్స్ లాంటివి. రెండు సింగిల్టన్లు ఒకే పీరియడులో పడితే రెండూ అడిగిన పిల్లలకు ఒకటి పోతుంది. అలా ఎంతమందికి పోతుందో చూపించే పట్టికను కాన్‌ఫ్లిక్ట్ మ్యాట్రిక్స్ అంటారు.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. జాజ్ బ్యాండ్ టీచరు ఒకటో పీరియడు తర్వాత మిడిల్ స్కూలుకు వెళ్లాలి. కాబట్టి జాజ్ బ్యాండ్ ఒకటో పీరియడులోనే పెట్టగలం. ఫిజిక్స్ సీ, జాజ్ బ్యాండ్ రెండూ అడిగినవాళ్లు తొమ్మిది మంది. కాబట్టి ఫిజిక్స్ ఒకటిలో ఉండకూడదు. నాలుగులో పెడదామంటే అక్కడ స్పానిష్ 4 ఉంది, ఆ రెండూ అడిగినవాళ్లు ఆరుగురు. స్పానిష్‌ను ఐదుకు జరిపితే అక్కడున్న ఏపీ స్టాటిస్టిక్స్‌తో ముగ్గురికి ఢీకొంటుంది. ఆరుకు జరపలేం, స్పానిష్ టీచరుకు ఆరో పీరియడు ప్రిపరేషన్. రెండు, మూడు పీరియడ్లలో ఫిజిక్స్ టీచరు ల్యాబ్‌లో కెమిస్ట్రీ చెబుతున్నారు, ఆ ల్యాబ్ మిగతా పీరియడ్లలో ఖాళీ లేదు కాబట్టి ఆ కెమిస్ట్రీని జరపలేం. చివరికి ఆ ముగ్గురి దగ్గర ఆగుతాం. ఆ ముగ్గురి ఆల్టర్నేట్ గడుల్లో ఏముందన్నది అప్పుడు వెతుకుతాం. ఇలాంటి నిర్ణయాలు ఒక షెడ్యూల్లో డజన్ల కొద్దీ ఉంటాయి. "కంప్యూటర్ అలా వేసింది" అని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మకండి. ఏ పీరియడులో ఏది ఉండాలన్నది మనుషులే తేలుస్తారు. కంప్యూటర్ ఆ తర్వాత పిల్లల్ని సీట్లలో నింపుతుంది.

సింగిల్టన్ల తర్వాత రెండు సెక్షన్లున్న కోర్సులు, ఇద్దరు టీచర్లు కలిసి చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ సెక్షన్లు, పార్ట్‌టైమ్ టీచర్ల క్లాసులు, ఆఖరి పీరియడులో క్రీడాకారుల పీఈ. 14 సెక్షన్లున్న ఇంగ్లీషు 9 లాంటివి చివర్న వస్తాయి, అవి ఎక్కడైనా పడతాయి. మీ పిల్లవాడికి ఫలానా ఇంగ్లీషు టీచరు రావడానికి కారణం చాలాసార్లు ఏ సింగిల్టన్ ఏ పీరియడులో పడిందన్నదే. ఒక టీచరు కావాలని అడిగితే చాలా స్కూళ్లు మార్చవు. ఒకరికి మారిస్తే వందమంది వస్తారు.

ల్యాబ్‌ల గురించి ఒక మాట. అమెరికా సైన్స్ టీచర్ల జాతీయ సంఘం ఎన్‌ఎస్‌టీఏ ల్యాబ్ క్లాసుకు 24 మందే ఉండాలంటుంది. ఒప్పందంలో 32 ఉంటే 32 మందినే నింపుతారు. ఎనిమిది బల్లలున్న గదిలో 32 మందంటే బల్లకు నలుగురు. ఒకరు బ్యూరెట్ పట్టుకుంటారు, ఒకరు అంకెలు రాసుకుంటారు, ఇద్దరు చూస్తుంటారు. ఆ ఇద్దరూ టైట్రేషన్ చేసినట్టు కాదు. ఆమ్లాలు వాడేటప్పుడు ఒక్క టీచరు ఎనిమిది బల్లలను కనిపెట్టాలి కూడా. సైన్స్ క్లాసుల పరిమితి తగ్గించమని బోర్డు మీటింగులో అడగడానికి దీనికంటే బలమైన కారణం నాకు కనిపించదు.

టీచర్ల విషయానికొస్తే, ఇక్కడ ఎవరు ఏది చెప్పవచ్చన్నది క్రెడెన్షియల్ (రాష్ట్రం ఇచ్చే టీచింగ్ లైసెన్సు) నిర్ణయిస్తుంది. ఫిజిక్స్ చెప్పాలంటే ఫిజిక్స్ సింగిల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్ ఉండాలి. ఫౌండేషనల్ లెవెల్ మ్యాథ్ ఉన్నవాళ్లు ఆల్జీబ్రా, జామెట్రీ చెప్పవచ్చు, కాల్క్యులస్ చెప్పకూడదు. టీచరు ఒప్పుకుంటే, ఆ సబ్జెక్టులో 18 సెమిస్టర్ యూనిట్లో, పై స్థాయి కోర్సుల్లో 9 యూనిట్లో చదివి ఉంటే, డిస్ట్రిక్ట్ బోర్డు తీర్మానంతో క్రెడెన్షియల్ లేని సబ్జెక్టు చెప్పే దారి ఉంది. ఏపీ కోర్సుకైతే టీచరు సిలబస్‌ను ఏపీ కోర్సులు నడిపే కాలేజ్ బోర్డు ఆడిట్ కూడా ఆమోదించాలి. ఇవి కుదరకుండా వేస్తే అది మిస్‌అసైన్‌మెంట్, రాష్ట్రం ఏటా క్యాల్‌సాస్ అనే వ్యవస్థలో దీన్ని పరిశీలిస్తుంది.

ఇక్కడే అన్నింటికంటే కష్టమైన ముడి ఉంది. రెండు సెక్షన్ల ఫిజిక్స్ మిగిలిందనుకోండి. అది 0.4 ఎఫ్‌టీఈ. 40 శాతం జీతానికి బే ఏరియాలో ఫిజిక్స్ టీచరు దొరకరు. అదే 0.4కి 0.6 కెమిస్ట్రీ కలిపితే ఫుల్‌టైమ్ ఉద్యోగమవుతుంది. అప్పుడు రెండు క్రెడెన్షియళ్లూ ఉన్న మనిషి కావాలి. దొరకకపోతే ఉన్న టీచరు అదనపు జీతానికి ప్రిపరేషన్ పీరియడు వదులుకుని ఆరో సెక్షన్ చెబుతారు, లేదా సబ్‌స్టిట్యూట్ వస్తారు. సబ్‌స్టిట్యూట్ పర్మిట్‌తో ఒక టీచరు స్థానంలో ఇన్ని రోజులకు మించి ఉండకూడదని పరిమితి ఉంది. అందుకే కొన్ని క్లాసుల్లో వరుసగా మనుషులు మారుతుంటారు. మీ పిల్లల క్లాసులో అలా జరుగుతుంటే ఊరుకోవద్దు. ప్రతి తరగతి గది గోడ మీదా విలియమ్స్ ఫిర్యాదు నోటీసు ఉండాలి. టీచరు ఖాళీ, మిస్‌అసైన్‌మెంట్, పుస్తకాల కొరత, ఈ మూడింటికీ ఆ ఫారం వాడవచ్చు. పేరు రాయకుండా కూడా ఇవ్వవచ్చు. తన పరిధిలో ఉన్న సమస్యను స్కూలు 30 పనిదినాల్లో సరిచేయాలి. పేరు రాసి జవాబు కోరితే 45 పనిదినాల్లో జవాబివ్వాలి. టీచర్ల క్రెడెన్షియళ్లు రాష్ట్ర కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

వసంతంలో ఇంకో రెండు తేదీలు షెడ్యూల్‌ను కుదిపేస్తాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం వచ్చే ఏడాదికి తొలగించాలనుకునే టీచర్లకు మార్చి 15లోపు ముందస్తు నోటీసు, మే 15లోపు తుది నోటీసు ఇవ్వాలి. రాష్ట్ర బడ్జెట్ ఖాయమయ్యేది జూన్‌లో. డబ్బు ఎంతో తెలియకముందే డిస్ట్రిక్ట్ భయపడి ఎక్కువ నోటీసులిస్తుంది. సాధారణంగా సీనియారిటీలో చివర ఉన్నవాళ్లకే అందుతాయి. చాలా నోటీసులు మేలో రద్దవుతాయి. అప్పటికి మంచి టీచరు పక్క డిస్ట్రిక్ట్‌లో చేరిపోయి ఉంటారు. ఏప్రిల్లో బోర్డు మీద ఒక పేరుతో ఉన్న ఐదు కార్డులు జూన్‌లో పేరు లేకుండా మిగలడానికి తరచూ ఇదే కారణం.

ఇక మ్యాథ్ ప్లేస్‌మెంట్. ఫోన్లు ఎక్కువగా వచ్చేది దీని గురించే. 2015లో వచ్చిన మ్యాథమెటిక్స్ ప్లేస్‌మెంట్ చట్టం ప్రకారం, తొమ్మిదిలోకి వచ్చే పిల్లలను ఏ మ్యాథ్‌లో వేయాలన్నదానికి ప్రతి డిస్ట్రిక్ట్‌కూ రాతపూర్వక విధానం ఉండాలి. ఒక్క టీచరు అభిప్రాయంతో కాకుండా పరీక్షలు, గ్రేడ్లు లాంటి అనేక కొలమానాలు చూడాలి. స్కూలు తెరిచిన మొదటి నెలలో కనీసం ఒకసారి ప్లేస్‌మెంట్ సరిగా ఉందో లేదో మళ్లీ చూడాలి. తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే పరిశీలించే దారి ఉండాలి. ఆ విధానం కాగితం అడిగి తీసుకోండి. "మావాడు తెలివైనవాడు" అని వచ్చేవాళ్లకంటే, "విధానంలో మూడో కొలమానం ప్రకారం మావాడి మార్కు ఇది, మళ్లీ చూడండి" అని మొదటి నెలలోనే రాసి ఇచ్చేవాళ్ల పని త్వరగా అవుతుంది. నెల దాటాక పై క్లాసులో సీట్లు నిండిపోతాయి, పాఠాలూ ముందుకెళ్లిపోతాయి.

ఆల్జీబ్రా ఎనిమిదిలోనా తొమ్మిదిలోనా అన్న గొడవ ఇక్కడ పెద్దది. శాన్‌ఫ్రాన్సిస్కో 2014లో దాన్ని అందరికీ తొమ్మిదికి జరిపింది. 2024లో మళ్లీ ఎనిమిదిలోకి తెస్తామని అక్కడి బోర్డు ఓటేసింది. వేసవిలో జామెట్రీ పూర్తిచేసి ఒక ఏడాది ముందుకు దూకించడం మనవాళ్లు ఇష్టపడే దారి. దానికి స్కూలు ముందస్తు అనుమతి రాతలో తీసుకోండి. లేకపోతే క్రెడిట్ ఇవ్వకపోవచ్చు. ఆ కోర్సు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ప్రవేశానికి లెక్కించే ఏ-జీ కోర్సుల జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టే ముందే చూసుకోండి. జామెట్రీ లేకుండా యూసీ అర్హత పూర్తికాదు. ఏ-జీ కోర్సుల్లో సీ గ్రేడు, ఆపైన వస్తేనే లెక్క. ట్యూషన్ సెంటర్లో పద్ధతులు కంఠస్థం చేసి ఆనర్స్ ప్రీకాల్క్యులస్‌లో చేరిన పిల్లలు అక్టోబరులో డీ దగ్గర ఉండటం ఏటా చూస్తాను. అప్పుడు కిందికి దిగుదామంటే ఆల్జీబ్రా 2లో ఆ పీరియడుకు సీటుండదు. దాన్ని కుదర్చడానికి మిగతా మూడు క్లాసులు కదలాలి.

ఇండియా నుంచి నేరుగా హైస్కూలుకు వచ్చే పిల్లల సంగతి వేరు. చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే ఇస్తారు. మొదటి మూడు ప్రశ్నల్లో ఎక్కడైనా తెలుగు అని రాస్తే 30 రోజుల్లో ఇనిషియల్ ఎల్‌ప్యాక్ అనే ఇంగ్లీషు పరీక్ష పెట్టాలి. కొందరు భయపడి అన్నింట్లో ఇంగ్లీష్ అని రాస్తారు. అలా చేయకండి. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది ఆ పరీక్షలో నెగ్గుతారు, అంతటితో విషయం ముగుస్తుంది. జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు నేర్పే ఈఎల్‌డీ క్లాసు నిజంగా ఉపయోగం. అది ఒక పీరియడు తీసుకుంటుంది కాబట్టి ఎలక్టివ్ (ఇష్టపడి ఎంచుకునే కోర్సు) ఒకటి తగ్గవచ్చు. కానీ ఇంగ్లీష్ లెర్నర్ అన్న కారణంతో కెమిస్ట్రీలోనో ఆల్జీబ్రా 2లోనో చేర్చుకోం అనడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు.

మన పదో తరగతి మెమోలో మ్యాథమెటిక్స్ అని ఒకే గడి ఉంటుంది. ఇక్కడి కౌన్సెలర్‌కు ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2 అని మూడు గడులు కావాలి. క్వాడ్రాటిక్ సమీకరణాలు, శ్రేఢులు, సరూప త్రిభుజాలు, త్రికోణమితి నిష్పత్తులు మన పదిలో ఉంటాయి. ఫంక్షన్లు, కాంప్లెక్స్ సంఖ్యలు ఇంటర్లో వస్తాయి. కాబట్టి పది పూర్తిచేసిన పిల్లలు సాధారణంగా ఆల్జీబ్రా 2 దగ్గర సరిపోతారు. మెమో ఒక్కటే ఇస్తే ఆల్జీబ్రా 1లో వేసే ప్రమాదం ఉంది. 9, 10 తరగతుల లెక్కల పుస్తకాల విషయసూచిక పేజీలు ఇంగ్లీషులో తెచ్చి, డయాగ్నొస్టిక్ పరీక్ష పెట్టమని అడగండి. 8 నుంచి ప్రతి తరగతి మార్కుల పత్రం స్కూలు ముద్రతో తీసుకోండి. పీఈ, ఆర్ట్ లాంటివి నమోదై ఉంటే అవి కూడా తీసుకోండి. రెండేళ్ల పీఈ రాష్ట్ర గ్రాడ్యుయేషన్ నిబంధన, అక్కడి రికార్డు చూసి కొంత క్రెడిట్ ఇచ్చే స్కూళ్లున్నాయి. అమెరికా చరిత్ర, ప్రభుత్వం, ఎకనామిక్స్ మాత్రం ఇక్కడే చదవాలి. 11లో చేరేవాళ్ల షెడ్యూల్లో అవి ముందే చోటు ఆక్రమిస్తాయని లెక్కలో పెట్టుకోండి. ఆరో తరగతి లేదా ఆపై తరగతుల్లో కనీసం రెండేళ్లు తెలుగు మీడియంలో చదివిన రికార్డుంటే యూసీ విదేశీ భాష నిబంధన దానితోనే తీరవచ్చు. అప్పుడు స్పానిష్‌కు వాడాల్సిన సీటు ఇంకో కోర్సుకు మిగులుతుంది. ఈ సంగతి చాలామంది కౌన్సెలర్లకు తట్టదు, మీరే ఎత్తండి.

డబ్బు సంగతి ఒకటి మిగిలింది. కాలిఫోర్నియా స్కూళ్లకు రాష్ట్ర నిధులు రోజువారీ సగటు హాజరును బట్టి వస్తాయి, పేర్ల సంఖ్యను బట్టి రావు. పాలో ఆల్టో లాంటి, స్థానిక ఆస్తి పన్నుతోనే గడిచే డిస్ట్రిక్టులకు ఇది అంతగా తగలదు. మిగతావాటికి గట్టిగా తగులుతుంది. 1,800 మందిలో 95 శాతమే వస్తే 1,710 మందికే డబ్బు. టీచర్లు, గదులు మాత్రం 1,800 మందికీ కావాలి. డిసెంబరులో సెలవులకు ముందొక వారం, తర్వాత రెండు వారాలు కలిపి ఇండియా వెళ్లే కుటుంబాలు మన దగ్గర ఎక్కువ. వెళ్లక తప్పకపోతే బయలుదేరే ముందే అటెండెన్స్ ఆఫీసులో ఇండిపెండెంట్ స్టడీ ఒప్పందం మీద సంతకాలు పెట్టండి. ఇచ్చిన పని పూర్తిచేసి తిరిగి అప్పగిస్తే హాజరు నిలుస్తుంది. ఒప్పందం లేకుండా వెళితే ప్రతి రోజూ గైర్హాజరుగానే నమోదవుతుంది, ఇంటికి ట్రూయన్సీ (అనుమతి లేని గైర్హాజరు) ఉత్తరం కూడా వస్తుంది. ఫారం కోసం కనీసం రెండు వారాల ముందు అడగండి, ఎందుకంటే ఆరుగురు టీచర్లూ విడివిడిగా పని రాసి ఇవ్వాలి.